మూడో నీళ్ళు

తెల్లక్కకు కోపం వస్తే కేకలు వేయదు. కేకలు వేసేవాళ్ళ కోపం సాయంత్రానికల్లా చల్లారిపోతుందని ఆమెకు చులకన. ఆమె తన కోపాన్ని మడత పెట్టి దాచుకుంటుంది. ఎప్పుడో బస్సులో తన కాలు తొక్కి, తొక్కలేదని దబాయించిన మనిషి ఈనాటికీ వీధిలో ఎదురైతే, ఆమె చూసే చూపుకి అతను ఎందుకైనా మంచిదని రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఊళ్ళో అందరికంటే తెల్లగా బట్టలు ఉతుకుతుంది కాబట్టి తెల్లక్క అన్నారు. అంతే తప్ప, ఆమెను చూసి పాపం అమాయకురాలు అనుకున్నవాళ్ళెవరూ బాగుపడలేదు.

ఆమె లాండ్రీ రైలు గేటు దాటగానే వచ్చే మొదటి సందులో ఉండేది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, దాని వెనక సిమెంటు తొట్లు, వాటి పక్కన రెండు ఉతికే యంత్రాలు. ఒకటి తిరిగేది. రెండోది ఎప్పటికైనా తిరుగుతుందని ఆశ. వెనక పెరట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు ఇనప తీగెల దండేలు. ఆ గోడ మీదుగా తలెత్తితే కరెంటు ప్లాంటు చిమ్నీ. నిజానికి ఆ ఊళ్ళో ఎటు తిరిగి తలెత్తినా అదే కనబడుతుంది.

బొగ్గు మండించి కరెంటు తీసే ప్లాంటు అది. కరెంటు తీగెల మీద దూరపు ఊళ్ళకు పోయేది, బూడిద మాత్రం పోయేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే కిటికీ గట్లు తుడిచేవాళ్ళు. చెట్ల ఆకులు ఏ కాలంలోనూ పచ్చగా ఉండేవి కావు. పెరట్లో ఆరేసిన బట్ట మీద చెయ్యి పెడితే అరచేతికి బూడిద అంటేది. తెల్లక్క ఊరివాళ్ళ బట్టల్ని రెండు నీళ్ళలో జాడించి పెరట్లో ఆరేసేది. ఆరాక ఇస్త్రీ బల్ల దగ్గర ఒక్కొక్క బట్టనీ గట్టిగా దులిపితే గాని ఇస్త్రీ పెట్టె పెట్టడానికి వీలయ్యేది కాదు. ఆ దులిపే పని ఆమె చెల్లెలిది.

చెల్లెల్ని అందరూ చిన్నది అనే పిలిచేవాళ్ళు. తల్లీ తండ్రీ తొందరగా పోతే తెల్లక్కే చంకన వేసుకుని పెంచింది. అక్కకు లేని నవ్వంతా చెల్లెలికి వచ్చింది. ఇస్త్రీ చెయ్యడంలో చిన్నదానికి సాటి లేదు. కాలరు నుంచి మొదలుపెట్టి చేతుల మీదుగా వచ్చి చివరకు వీపు మీద పెట్టె లాగితే, చొక్కా అప్పుడే దుకాణంలోంచి తెచ్చినట్టు ఉండేది.

ప్లాంటు వాళ్ళ బట్టల సంగతి వేరు. గెస్ట్‌హౌస్ దుప్పట్లు, తువ్వాళ్ళు, బల్లల మీద పరిచే గుడ్డలు, ఇంజనీర్ల చొక్కాలు అన్నీ ఈ లాండ్రీకే వచ్చేవి. మొదట్లో ఒకసారి గెస్ట్‌హౌస్ మేనేజరు ఒక బల్లగుడ్డ తెచ్చి, అందరి ముందూ దాని మీద వేలితో గీత గీశాడు. తెల్లటి గుడ్డ మీద బూడిదరంగు గీత పడింది.

"ఏమ్మా, బట్టలు ఉతికే ముందు చేతులు కడుక్కోవా?" అన్నాడు.

ఆ గీత చిమ్నీదని ఆ మేనేజరుకు తెలుసు. తెల్లక్కకూ తెలుసు. అయినా ఆమెకు తల కొట్టేసినట్టయింది. తన చేతుల మీద మాట పడటం ఆమె సహించలేకపోయింది. అక్కడే ఆమె చెయ్యకూడని పని ఒకటి చేసింది. బల్లగుడ్డ పట్టుకుని చిమ్నీ వైపు చూపించి నాలుగు దులిపెయ్యాల్సింది పోయి, ఇంకా తెల్లగా ఉతికి చూపిస్తానని పంతం పట్టింది. వెనక ఉన్న సామాన్ల గదిని ఖాళీ చేసి, కిటికీల సందులకు టేపు అంటించి, గుమ్మానికి తడి దుప్పటి వేలాడదీసి, లోపల ఫ్యాన్లు పెట్టింది. ప్లాంటు బట్టలకు మూడో నీళ్ళు మొదలుపెట్టింది. ఆ మూడో నీళ్ళలో తీసిన బట్ట ఎండ, గాలి, బూడిద ఏదీ తగలకుండా ఆ మూత గదిలోనే ఆరేది. ఆ తర్వాత ఏ మేనేజరు వేలికీ ఏమీ అంటలేదు.

"ప్లాంటు బట్టలు కొత్తల్లుడివి, ఊరి బట్టలు ఇంట్లో కొడుకువి. వాడికి ఏది పెట్టినా చెల్లుతుంది," అని చిన్నది నవ్వేది.

"అల్లుడు అలిగితే దుకాణం మూతపడుద్ది. నోరు మూసుకుని దులుపు," అనేది తెల్లక్క.

చిన్నది దులిపేది. సన్నటి బూడిద ఆ ముందు గదిలో లేచి, బల్బు వెలుతురులో కాసేపు తేలి, ఆమె జుట్టు మీదా కనురెప్పల మీదా వాలేది. ముందు గొంతు గరగర అంది. తర్వాత దగ్గు పట్టుకుంది. దగ్గు ముదిరాక మెట్టు ఎక్కితే ఆయాసం. ఆసుపత్రిలో డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించి, దీపానికి ఎదురుగా పెట్టి చూసి, ఈవిడ సిగరెట్లు తాగుతుందా అని అక్కను అడిగాడు.

"ఇస్త్రీ పెట్టె తాగుద్ది డాక్టరుగారూ, నేను పక్కన నిలబడతానంతే," అంది చిన్నది.

డాక్టరు నవ్వలేదు. ఊపిరితిత్తుల్లో బూడిద పేరుకుందని, లోపలికి పోయింది బయటికి రాదని, కనీసం ఇక మీద కొత్త బూడిద పోకుండా చూసుకోవాలని చెప్పాడు. బయట బెంచీ మీద అదే రకం దగ్గుతో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె వీపు రాస్తూ కూర్చున్నవాడు ప్లాంటు అటెండరు. గెస్ట్‌హౌస్ బట్టల మూటలు లాండ్రీకి తెచ్చి, తిరిగి పట్టుకెళ్ళేది అతనే. తెల్లక్కను చూసి అతను తల దించుకున్నాడు. ప్లాంటు జీతం తినేవాడు ఆ బెంచీ మీద కూర్చుని ఇంకేం చేస్తాడు!

ఇక చిమ్నీ సంగతి. ప్రభుత్వం వారు ఇంధన విధానం అని ఒకటి తయారుచేశారు. అందులో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. కరెంటు అందరికీ చవకగా రావాలి, గాలి అందరికీ శుభ్రంగా ఉండాలి. మొదటి మాట వెంటనే అమలైంది. రెండో మాటకు గడువు పెట్టారు. ఆ గడువులోగా ప్రతి బొగ్గు ప్లాంటూ చిమ్నీకి బూడిదను పట్టి ఆపే యంత్రం బిగించుకోవాలి. గడువు దగ్గరపడేసరికి, యంత్రం పెడితే కరెంటు ధర పెరుగుతుందని, ప్లాంటు కొంతకాలం ఆపాల్సి వస్తుందని, ఉద్యోగాలు పోతాయని కంపెనీ గోల పెట్టింది. పెద్దలు మెత్తబడి ఇంకో గడువు ఇచ్చారు. అదీ అయిపోయింది. ఇంకోటి కావాలన్నారు. ఊరివాళ్ళ మాట కూడా విన్నామని కాగితం మీద ఉండాలి కాబట్టి, ఆ గడువు ఇచ్చే ముందు ప్లాంటు హాల్లో ఒక సభ పెట్టారు.

చిన్నది ఆ సభకు వెళ్తానని పట్టుబట్టింది. "నువ్వు మాట్లాడితే తగువు అవుద్ది. నేను మాట్లాడతాను," అంది అక్కతో.

హాల్లో వేదిక మీద అధికారులు, మధ్యలో గడువు సంగతి తేల్చే అధ్యక్షురాలు. కింద వేదిక వైపు తిరిగి మాట్లాడేలా ఒక మైకు. మైకు వెనక ఊరి జనం. బల్లల మీద తెల్లక్క ఉతికిన గుడ్డలే మెరుస్తున్నాయి. చిన్నది మైకు దగ్గరకు వెళ్ళి, "అమ్మా, నేను ఇస్త్రీ చేస్తాను. ఈ ఊరి బట్టలు దులిపితే..." అనేసరికి దగ్గు తెర కమ్మింది. మైకులో ఆ దగ్గు హాలంతా వినబడింది. ఎంత ఆగినా ఆగలేదు. ఎవరో కుర్చీ ఇచ్చి పక్కకు తీసుకెళ్ళారు.

అప్పుడు పెద్ద ఇంజనీరు లేచాడు. ప్లాంటు మొత్తం ఆయన చేతి కింద నడిచేది. మంచి ఎత్తు, మంచి గొంతు, దేనికీ తొందరపడని మనిషి. మైకు ముందుకు వచ్చి, ఏమీ మాట్లాడకుండా కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. లోపల చొక్కా గంజి పెట్టి పెళపెళలాడుతూ పాలనురుగులా ఉంది. చేతులు చాచి నెమ్మదిగా ఒక చుట్టు తిరిగాడు.

"అమ్మా, ఈ చొక్కా ఈ ఊళ్ళోనే ఉతికారు. ఈ ఊళ్ళోనే ఆరింది. బూడిద పడుతోందంటున్నారు కదా, ఎక్కడుందో మీరే చూడండి," అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. జనం వైపు తిరిగి, "ఉతికినావిడ ఇక్కడే ఉంది. ఏదీ, ఒకసారి లేచి నిలబడమ్మా!" అన్నాడు.

తెల్లక్క లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆ తర్వాత ఎంత తల బాదుకున్నా ఆమెకు అర్థం కాలేదు. ఏళ్ళ తరబడి ఆ గొంతు పిలిస్తే పలికిన అలవాటు కావచ్చు. నిలబడటమే కాదు, చేతులు కూడా జోడించింది. వేదిక మీద వాళ్ళు చప్పట్లు కొట్టారు. పక్కన కుర్చీలో గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఉన్న చిన్నది అక్క వైపు చూసింది.

ఇద్దరూ ఇంటికి బయలుదేరారు. రైలు గేటు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడు చిన్నది అంది, "బాగా ఉతికావక్కా."

ఎత్తిపొడుపు కాదు. చిన్నదానికి ఎత్తిపొడవడం రాదు. నిజంగానే బాగుందని అంది.

కంపెనీ అడిగినంత కాకపోయినా ఏడాది గడువు దొరికింది. ఆ ఏడాది చలికాలం పొగ పైకి లేవకుండా ఊరి మీదే పడుకుంది. చిన్నది మొదట నిలబడి ఇస్త్రీ చేసింది, తర్వాత స్టూలు మీద కూర్చుని చేసింది, ఆ తర్వాత మంచం మీద నుంచి అక్కకు చెప్పి చేయించింది. "కాలరు ముందక్కా. వీపు ఆఖరున." చివరి వారం ఆ మాటలకూ ఊపిరి చాల్లేదు. ఒక మధ్యాహ్నం, పెరట్లో బట్టలు తీసుకుని తెల్లక్క లోపలికి వచ్చేసరికి గదిలో దగ్గు వినబడలేదు. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో విని చాలాకాలమైంది. బట్టలు చేతిలో పట్టుకునే ఆమె గుమ్మంలో కూలబడింది.

జనం వచ్చారు, ఓదార్చారు, పోయారు. పెద్ద ఇంజనీరు అటెండరు చేత పూలగుత్తి పంపించాడు. తెల్లక్క దాన్ని పెరట్లో దండేనికి వేలాడదీసింది. నాలుగు రోజుల్లో ఆ పూలు ఏ రంగువో తెలియకుండా పోయాయి. రోజూ పొద్దున్నే దాన్ని చూసి పని మొదలుపెట్టేది. అప్పటిదాకా ఆమెకు చాలామంది మీద చిన్న చిన్న కోపాలు ఉండేవి. అవన్నీ మాఫీ చేసేసింది. ఉన్న కసి అంతా ఒక్క మనిషికే దాచింది.

ఆ మనిషి ఊరుకుంటేనా! చొక్కా కథ ఆయనకు అంత నచ్చింది. ప్లాంటు చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా కోటు విప్పి చుట్టు తిరిగేవాడు. చివరకు ప్లాంటు గేటు ముందు పెద్ద బోర్డు పెట్టించాడు. బోర్డు మీద చిమ్నీ బొమ్మ, దాని ముందు దండేనికి వేలాడుతున్న తెల్ల చొక్కా బొమ్మ, కింద 'మా గాలికి ఇదే సాక్ష్యం' అని అక్షరాలు. తెల్లక్క సబ్బు కొనుక్కోవడానికి ఆ బోర్డు ముందు నుంచే పోవాలి. పోయినప్పుడల్లా ఆగి, మొత్తం చదివి, పళ్ళు నూరుకుని ముందుకు నడిచేది.

కంపెనీ మళ్ళీ గడువు కావాలంది. మళ్ళీ సభ పెట్టారు. ఈసారి గడువు వస్తే ఇంకెన్నాళ్ళకూ యంత్రం రాదని ఊరంతా అనుకుంటోంది. పెద్ద ఇంజనీరు ఈసారి కూడా చొక్కా చూపిస్తాడని తెల్లక్కకు తెలుసు. సభ రోజున ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా హాలు పక్క గదికే పంపాలని, గంజి బాగా దట్టించాలని ముందే కబురు పెట్టాడు.

ఆమె ఆలోచనలు మొదట చిల్లర చేష్టల వైపు పోయాయి. చొక్కాకు దురద పుట్టించేది ఏదైనా పుయ్యడమా, మంచి వేళకు చినిగేట్టు కుట్లు విప్పడమా, పెట్టెతో మాడ్చడమా! ఒక్కొక్కటీ ఊహించుకుని కాసేపు సంతోషపడింది. తర్వాత ఒక్కొక్కటీ పక్కన పెట్టింది. ఏది చేసినా, లాండ్రీదాని పని అంటారు. ఆయన నవ్వేసి ఇంకో చొక్కా వేసుకుంటాడు. తన చేత్తో చిటికెడు మురికి కూడా కలపకూడదు. ఆయన చిమ్నీ ఇచ్చిందే ఆయనకు తొడగాలి. అదీ జనం మధ్యలో, ఆయనే విప్పి చూపించేలా తొడగాలి. అంతకు తక్కువదేదీ ఆమె ఒప్పుకోలేకపోయింది.

చొక్కాను ఊరి బట్టల్లాగే రెండు నీళ్ళలో జాడించింది. ఆయన అడిగినట్టే గంజి దట్టించింది. తడి గంజి మీద పడ్డ బూడిద దులిపినా పోదని ఆ పెరడు ఆమెకు ఎప్పుడో నేర్పింది. చొక్కాను దండెం కింద బల్ల మీద బోర్లా పరిచి, చేతులు ముందు వైపుకి మడిచి, కాలరు మీద గుడ్డ కప్పి, వీపు ఒక్కటే ఆకాశానికి వదిలింది. ఆరిపోయిన ప్రతిసారీ మళ్ళీ తడి చేసింది. ఈ పని సభకు వారం ముందే మొదలుపెట్టింది. బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, రాలుతున్న బూడిదను చూస్తూ, "పడు, ఇంకా పడు," అనేది. ఇన్నేళ్ళలో ఆ బూడిద పడుతుంటే ఆమెకు హాయిగా ఉన్నది ఆ వారమే.

ఇస్త్రీ తానే చేసింది. చెల్లెలి పెట్టె, చెల్లెలి బల్ల. కాలరు ముందు, చేతులు తర్వాత. వీపు దగ్గరకు వచ్చేసరికి కళ్ళు మసకబారి రెండు వేళ్ళు కాల్చుకుంది. ఆ మంటతోనే చొక్కాను బోర్లా వేసి, రెండు పక్కలూ వీపు మీదకు మడిచి, చేతులు వాటి మీద పరిచి, అంచు పైకి తెచ్చింది. మడత పెట్టిన చొక్కాకు వీపు లోపలికి పోతుంది. పైకి కనబడేవి కాలరు, గుండీలు, తెల్లటి రొమ్ము. ఎంతో ముచ్చటగా ఉంది.

సభ రోజు పొద్దున అటెండరు వచ్చి చొక్కా తీసుకున్నాడు. అతని తల్లి కూడా ఆ చలికాలమే మంచాన పడింది.

"అమ్మకెలా ఉంది?" అని అడిగింది.

"దగ్గుతా ఉందక్కా."

"సార్‌కి చొక్కా నువ్వేగా తొడిగేది?"

"నేనేనక్కా. పక్క గదిలో."

"జాగ్రత్తగా తొడుగు. మడత నలక్కుండా," అంది తెల్లక్క. అతను ఆమె మొహంలోకి చూశాడు. చొక్కాను రెండు చేతుల మీదా పెట్టుకుని వెళ్ళాడు.

పక్క గదిలో ఏం జరిగిందో తర్వాత అతనే చెప్పాడు. మడత విప్పగానే వీపు కనబడింది. పెద్ద ఇంజనీరు అద్దం ముందు నిలబడి, చేతులు వెనక్కి చాచి, తొడగమన్నట్టు చూస్తున్నాడు. అటెండరు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో తన తల్లి వీపు గుర్తుకొచ్చిందట, రాత్రింబవళ్ళు తను రాసే వీపు. చొక్కా తొడిగాడు, దాని మీద కోటు తొడిగాడు, భుజాల మీద లేని దుమ్ము కూడా దులిపాడు. "బాగుందా?" అని అడిగాడాయన. "చాలా బాగుంది సార్," అన్నాడు.

హాలు కిక్కిరిసింది. అదే వేదిక, అదే అధ్యక్షురాలు. తెల్లక్క ముందు వరసలో కూర్చుంది. చెల్లెలు పోయినసారి కూర్చున్న వైపు మాత్రం చూడలేదు. కంపెనీ వాళ్ళు లెక్కలు చెప్పారు, ధరలు చెప్పారు, దేశం కోసం అన్నారు. ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురు మాట్లాడి కూర్చున్నారు. అప్పుడు పెద్ద ఇంజనీరు మైకు ముందుకు వచ్చాడు. తెల్లక్క కుర్చీ అంచుకు జరిగింది. ఈసారి గాని కోటు విప్పకపోతే?

విప్పాడు. అటెండరు దాన్ని అందుకుని వేదిక పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

వేదిక మీద వాళ్ళకు తెల్లటి రొమ్ము కనబడింది. వెనక కూర్చున్న ఊరికి వీపు కనబడింది. భుజాల నుంచి నడుం దాకా, వాన పడబోయే మబ్బులా, ఒకే బూడిదరంగు. వెనక వరసలోంచి ఒక ఆడమనిషి కిసుక్కుమంది. ఆ నవ్వు వరసల మీదుగా ముందుకు పాకింది. ఆయన అదంతా తన గొప్పతనమే అనుకున్నాడు.

"నవ్వుతున్నారు, మంచిదే. ఈ చొక్కా ఈ ఊళ్ళోనే ఉతికారు. ఈ ఊళ్ళోనే ఆరింది. మీ కళ్ళతో మీరే చూడండమ్మా," అంటూ, చేతులు చాచి, తొందరపడకుండా, నెమ్మదిగా చుట్టు తిరిగాడు. ఆయన వీపు వేదిక వైపు వచ్చింది.

"ఆగండి," అంది అధ్యక్షురాలు. "అలాగే ఉండండి. వెనక ఏమిటది?"

ఆయన మెడ తిప్పి తన వీపు చూసుకోబోయాడు. ఏ మనిషికైనా తన వీపు కనబడుతుందా! అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఎటు తిరిగినా ఎవరికో ఒకరికి కనబడుతూనే ఉంది. హాలంతా పగలబడి నవ్వింది. అధ్యక్షురాలు కిందికి దిగి వచ్చి, ఆ వీపు మీద వేలితో గీత గీసి, వేలు చూసుకుంది. తెల్లక్కకు ఎప్పటి బల్లగుడ్డో గుర్తుకొచ్చి ఒళ్ళు వేడెక్కింది.

"ఈ చొక్కా ఎక్కడ ఆరేశారు?" అని అడిగింది అధ్యక్షురాలు.

ఈసారి తెల్లక్కను ఎవరూ లేవమనలేదు. తనే లేచింది. చేతులు జోడించలేదు.

"మా పెరట్లో అమ్మా. ఊరి బట్టలన్నీ ఆరేసే చోటే. నేను నీళ్ళూ గంజీ తప్ప ఏమీ కలపలేదు. కావాలంటే ఇప్పుడే వచ్చి పెరడు చూడండి."

"మరి ముందు వైపు శుభ్రంగా ఉందే?"

"ముందు వైపు బల్లకేసి బోర్లా వేశానమ్మా, కాలరు మీద గుడ్డ కప్పాను. పోయినసారి మీకు చూపించింది కప్పి ఆరేసిన చొక్కా. మూడు సార్లు ఉతికి, తలుపులు మూసి, గాలి తగలకుండా ఆరేసింది. ఈయనగారికి ఎప్పుడూ అలాగే పంపేదాన్ని." ఆమె మైకు వైపు చెయ్యి చూపించింది. "పోయినసారి ఈ మైకు ముందు నిలబడి దగ్గింది మా చెల్లెలు. దులిపి దులిపి పోయింది. దాని వంతు కూడా నేనే చెప్తున్నాను. ఈయనకి ఇంక గడువు ఇవ్వొద్దు."

పెద్ద ఇంజనీరు కోటు కోసం చెయ్యి చాచాడు. కోటు పట్టుకున్న అటెండరు కదలలేదు. ఆయనే నడిచి వెళ్ళి తీసుకోవాల్సి వచ్చింది. ఆ నాలుగడుగులూ వీపు ఊరి వైపే ఉంది. తెల్లక్క కళ్ళార్పకుండా చూసింది. చెల్లెలు పోయాక ఆమె కడుపు నిండింది ఆ నాలుగడుగులకే.

అధ్యక్షురాలు అటునుంచి అటే లాండ్రీ పెరట్లోకి వచ్చి దండేలు, గోడలు, ఎండిన పూలగుత్తి అన్నీ చూసి వెళ్ళింది. గడువు ఇవ్వలేదు. యంత్రం బిగించేదాకా ప్లాంటు ఆపమన్నారు. కొందరికి కొన్నాళ్ళు పని పోయింది. వాళ్ళలో ఇద్దరు వచ్చి లాండ్రీ ముందు నిలబడి తెల్లక్కను తిట్టిపోశారు. ఆమె తిట్లన్నీ విని, వాళ్ళ మొహాలు గుర్తుపెట్టుకుని, లోపలికి పోయింది. గేటు ముందు బోర్డు తీసేశారు. ప్లాంటు బట్టలు రావడం మానేశాయి. పెద్ద ఇంజనీరును ఎక్కడో మారుమూలకు మార్చారు.

ఊరు వదిలే ముందు ఆయన లాండ్రీకి వచ్చాడు. చేతిలో ఒక సంచి. తెల్లక్క ఇస్త్రీ బల్ల వెనక నుంచి లేవలేదు. ఆయన బతిమాలతాడో, బెదిరిస్తాడో, ఏది చేసినా చెప్పడానికి ఆమె నోట్లో మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"నిన్ను నమ్మానమ్మా," అన్నాడు.

"నేనూ మిమ్మల్ని నమ్మాను సార్. లేచి దండం కూడా పెట్టాను."

"బూడిద సంగతి నువ్వు నాకు ఒక్కసారైనా చెప్పి ఉంటే..."

"చిమ్నీ మీది. దాంట్లోంచి ఏమొస్తుందో మీకు నేను చెప్పాలా?"

"నిజమే. నాకు తెలుసు," అన్నాడు. "తెలిసీ అబద్ధం చెప్పాను. కాదనను. కానీ ఇన్నేళ్ళలో తనిఖీకి ఎంతమంది వచ్చారో తెలుసా? అందరూ మా గెస్ట్‌హౌస్‌లోనే దిగేవాళ్ళు. నీ దుప్పట్ల మీద పడుకున్నారు. నీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. ఒక్కడికీ ఒక్క మరక కనబడలేదు. నేను ఒక్కణ్ణే అయితే అన్నాళ్ళు దాచగలిగేవాణ్ణి కాదు."

సంచిలోంచి ఆ చొక్కా తీసి బల్ల మీద పెట్టి, వెళ్ళిపోయాడు.

తెల్లక్క ఆ రోజు మళ్ళీ పెట్టె వేడి చెయ్యలేదు. మూత గదిలోకి వెళ్ళి కిటికీల టేపు గోళ్ళతో పీకింది. తడి దుప్పటి చింపింది. గోళ్ళ సందుల్లో రక్తం వచ్చేదాకా పీకుతూనే ఉంది. ఆమెకు ఎప్పుడూ ఒకరి మీద కోపం ఉండాలి. ఇప్పుడు దొరికిన మనిషి ఆమెలోనే ఉంది, రోడ్డు దాటి అవతలికి పోయే రకం కాదు.

యంత్రం వచ్చింది. కిటికీ గట్లు తుడిచే పని తగ్గింది. పెరట్లో ఆరేసిన బట్టను దులపకుండానే ఇస్త్రీ చెయ్యొచ్చు ఇప్పుడు. ముందు గదిలో, చిన్నది నిలబడే చోటికి ఎదురుగా, ఆ చొక్కా హ్యాంగరుకు వేలాడుతూ ఉంటుంది. ఒక రోజు ముందు వైపు కనబడేట్టు తగిలిస్తుంది, ఒక రోజు వెనక వైపు. ఉతకలేదు, ఎవరికీ ఇవ్వలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఉండబట్టలేక అడుగుతారు.

"ఎవరిదక్కా ఆ చొక్కా? తీసుకుపోలేదా?"

తెల్లక్క తల ఎత్తదు. కాలరు అయిపోయి చేతుల మీదకు వస్తుంటుంది పెట్టె.

"వెనక సగం ఇంజనీరుది," అంటుంది. "ముందు సగం నాది."